మూడు ఫొటోలు, ఒకటే మొహం

జనవరి 3

ఈ డైరీ మా బామ్మర్ది ఇచ్చాడు. మా ఫొటో స్టూడియో పక్కనే వాడి మందుల షాపు. ఏదో కంపెనీ వాడికి అంటగడితే వాడు తెచ్చి నాకు అంటగట్టాడు. ప్రతి పేజీ అడుగునా ఒక మందు బొమ్మ. ఇవాళ్టి పేజీకి మలబద్ధకం వచ్చింది. కొత్త సంవత్సరం బాగానే మొదలైంది.

పదో తరగతి రెండుసార్లు తప్పిన చెయ్యి ఇది. ఎవరూ చదవరు కాబట్టి తప్పులూ నావే, మార్కులూ నావే.

ఆరోగ్యం భేషుగ్గా ఉంది. నవంబరులో ఒక ఆఫీసు వాళ్ల గ్రూపు ఫొటోకి స్టూలెక్కి, కళ్లు తిరిగి నేరుగా వాళ్ల మేనేజరు ఒళ్లో దిగాను కదా. చెవి డాక్టరు చూసి, చెవిలో తూకం తప్పిందని రెండు వారాలకు మాత్రలు రాశాడు. తిరుగుడు పోయింది. రెండు వారాలకే ఇంత గుణం చూపిన మాత్రని మానేస్తే దాన్ని అవమానించినట్టు కాదూ? అందుకే వేసుకుంటూనే ఉన్నాను. బామ్మర్ది షాపంటే నాకు మా వంటింటి అలమరే. కౌంటరు పలక ఎత్తుకుని లోపలికి దూరి, మూడో అరలో చెయ్యి పెట్టి తీసుకుంటాను. బావ ఏం పట్టుకెళ్లాడని అడిగే బామ్మర్ది ఇంకా పుట్టలేదు.

వాణ్ణి నేను గుళిక అంటాను. మనిషి గుండ్రంగా ఉంటాడు, మింగుడుపడడు.

జనవరి 11

ఇన్సూరెన్స్ ఏజెంటు పాస్‌పోర్టు ఫొటోకి వచ్చాడు. మన చావు గురించి అంత ప్రేమగా మాట్లాడే మనిషి ఈ వీధిలో ఇంకొకడు లేడు.

"కొత్త రూలొచ్చింది సార్. చెవులు రెండూ పూర్తిగా కనబడాలి" అన్నాను.

"కనబడుతున్నాయిగా?"

"అవి చెవులు కాదు సార్, చెవుల అంచులు. ముందుకి లాగి పట్టుకోండి."

లాగి పట్టుకున్నాడు. "మరి నా వేళ్లు పడతాయేమో?"

"వేళ్లు మా ఆవిడ కంప్యూటర్లో తీసేస్తుంది. ఊళ్లో వాళ్ల మొటిమలన్నీ తీసేది ఆవిడేగా."

ఫొటోలో ఏనుగు టై కట్టుకుని కూర్చుంది. అది చూసి కూడా "బాగా వచ్చింది" అన్నాడు మహానుభావుడు! మా ఆవిడ తలబాదుకుని, ఇంకోటి సరిగ్గా తీయించి పంపింది.

మామూలుగా ఇలాంటప్పుడు నవ్వాపుకోలేక గోడకేసి తిరిగి దగ్గుతాను. ఇవాళ ఆ అవసరమే రాలేదు. మొహం రాయిలా నిలబడింది. ముప్పై ఏళ్ల సాధన ఊరికే పోలేదు.

జనవరి 12

గుళికకి చెవుల సంగతి చెప్పాను. నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. "నువ్వు నవ్వవేం బావా?" అన్నాడు. లోపల నవ్వుతున్నానురా, ఆ దర్జా నీకేం తెలుసు.

జనవరి 25

గుళిక షాపు ముందు బరువు చూసుకునే మిషను ఒకటి ఉంటుంది. మొన్న వాడు భోజనానికి వెళ్లినప్పుడు దాని అడుగున మర కాస్త తిప్పాను, అందరికీ ఐదు కిలోలు తక్కువ చూపించేలా. రెండు రోజుల్లో ఆడవాళ్లు లైను కట్టారు. టైలరమ్మ అయితే సంతోషం పట్టలేక ఎదురుగా బేకరీకి వెళ్లి రెండు కేకులు తినొచ్చిందట. గుళికకి ఏం అర్థం కాలేదు. తన షాపు మందుల మహిమ అనుకున్నాడు. చివరికి వాడే ఎక్కి చూసుకుని, ఇది అబద్ధమని పట్టేశాడు. వాడి బరువు గురించి వాడికి భ్రమలు లేవు, అది మెచ్చుకోవాలి.

"నువ్వేనా బావా?"

"నేనెందుకు చేస్తానురా? దేవుడి మీద ఒట్టు" అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏమీ దొరకలేదు.

"నువ్వే. నీకుంది. ఎప్పుడో ఒకరోజు నేనూ పెడతాను నీకు, జన్మంతా గుర్తుండేది" అన్నాడు.

పెట్టరా నాయనా. చూద్దాం.

ఫిబ్రవరి 6

ఇవాళ ఒక చంటిపిల్ల ఫొటో చెడింది. ఏడాది నిండని పిల్ల. వాళ్లని నవ్వించడానికే పిలుస్తారు నన్ను, పక్క వీధిలో కొత్త స్టూడియో ఉన్నా నా దగ్గరికే వస్తారు. బాతులా అరిచాను, కళ్లు మెల్ల పెట్టాను, ముక్కు ఎగరేశాను. అది నన్ను చూసి గుక్కపట్టింది. నేను తెర వెనక్కి వెళ్తే ఆగుతుంది, ముందుకొస్తే మళ్లీ అందుకుంటుంది. వాళ్లమ్మ మెల్లగా, "అంకుల్, మీకు ఒంట్లో బాలేదా? కోపంగా ఉన్నారా?" అంది.

చివరికి మా ఆవిడ నా వెనక నిలబడి తాళాలగుత్తి ఆడిస్తే నవ్వింది.

ఈ కాలం పిల్లలకి హాస్యం తెలియడం లేదు. పుట్టగానే ఫోన్లు చూపిస్తే ఇంతే.

ఫిబ్రవరి 15

కొత్త చొక్కా. గుండీల కన్నాలు ఇరుకుగా కుట్టారు. టైలరమ్మకి చెప్పాలి, కేకులు తిని కుట్టొద్దని.

ఫిబ్రవరి 17

పాత చొక్కా కన్నాలు కూడా ఇరుకైపోయాయి.

ఫిబ్రవరి 23

మా ఆవిడ రాత్రి భోజనం దగ్గర కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది.

"నేనేం తప్పు చేశానో చెప్పండి" అంది.

"ఏం తప్పు?"

"నెలై చూస్తున్నా. నేనేం చెప్పినా అలా గుడ్లప్పగించి చూస్తారు. నిన్న పిల్లి కథ చెప్పాను, మా తమ్ముడు పొట్ట పట్టుకున్నాడు, మీకు చీమ కుట్టినట్టయినా లేదు. మనసులో ఏదో పెట్టుకున్నారు. ఉంటే నోరు తెరిచి తిట్టేయండి. ఈ మూతి నేను చూడలేను."

"నాకు కోపమేమీ లేదే పిచ్చిదానా" అని నవ్వాను. నవ్వాననే అనుకున్నాను.

"అదిగో! చెప్తూ కూడా అదే మొహం" అని కంచం తీసుకుని లేచిపోయింది.

ఆవిడ పిల్లి కథ బాగుంది. నిజంగా నవ్వొచ్చింది నాకు. ఎలా చెప్పాలి?

ఆడవాళ్లకి ఈ వయసులో అనుమానాలు సహజం అంటారు.

మార్చి 2

కొత్త చెప్పులు జారుతున్నాయి, అందుకే చిన్న అడుగులేస్తున్నాను. గుళిక వెనకనించి చూసి, "ఏంటి బావా, కాళ్లు అద్దెకి తెచ్చుకున్నావా?" అన్నాడు. నా దగ్గర నేర్చుకున్న నాలుకే అది.

డైరీలో అక్షరాలు చిన్నవవుతున్నాయి. మంచిదే, పేజీకి ఎక్కువ పడుతుంది.

మార్చి 9

వచ్చింది! గుళిక పగ తీర్చుకునే రోజు వచ్చింది.

పొద్దున్నే షట్టరు పూర్తిగా ఎత్తకముందే దూరాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో సన్నగా మడతలు పెట్టిన కాగితం, మందు పెట్టెలో పెడతారే అది.

"బావా, నువ్వు తీసుకెళ్తున్నది ఆ తల తిరుగుడు మాత్రేనా? ఇంకా వేసుకుంటున్నావా?"

"ఆహా."

"స్టాకు చూస్తుంటే ఆ అర ఖాళీగా ఉంది, నేనెవరికీ అమ్మలేదు. అప్పుడు అనుమానమొచ్చింది. ఇది చూడు, ఎక్కువ కాలం వాడితే ఏమవుతుందో రాశాడు." చదివాడు. మొహం బిగుసుకుపోవడం, భావాలు కనిపించకపోవడం. చేతులు వణకడం. కదలికలు నెమ్మదించడం. చిన్న చిన్న అడుగులు. "ఇది నువ్వే బావా! అచ్చం నువ్వే!"

నేనే, మరి! కాగితం తీసుకుని లైటు కింద పెట్టి చూశాను. శభాష్ అనాల్సిందే. అంత సన్న అక్షరాలు చెదరకుండా అచ్చు వేయించాడు. ఉల్లిపొర లాంటి కాగితం ఎక్కడో పట్టాడు. మడతలు కూడా కంపెనీ మడతలే. నేను ఫొటో స్టూడియో వాణ్ణి, ఎప్పుడో పోయిన రాజుగారితో జనాలు చేతులు కలిపినట్టు ఫొటోలు చేసిచ్చే వాణ్ణి, నాకా దొంగ కాగితం? నా నడక, నా గుండీలు, నా మొహం, నెలరోజులు కూర్చుని నన్ను చూసి రాశాడు. అదే వాడి పొరపాటు. మరీ సరిగ్గా కుదిరింది. నిజం అంత సరిగ్గా ఎప్పుడూ ఉండదు.

"ఎక్కడ కొట్టించావురా?" అన్నాను.

"దేవుడి మీద ఒట్టు బావా!"

"బరువు మిషను రోజున నేనూ ఒట్టే వేశాను."

మార్చి 10

గుళిక కౌంటరు ముందే నిలబడి, వాడు చూస్తుండగా మాత్ర వేసుకున్నాను. వాడి కళ్లలో నీళ్లు! ఇంత నటన దాచుకుని మందులమ్ముకుంటున్నాడు పాపం.

మా ఆవిడకి చెప్పాడట. ఆవిడ, "మీ ఇద్దరి ఆటల మధ్యకి నన్ను లాగొద్దు, ఎవరు నిజం చెప్తున్నారో నాకు పెళ్లయినప్పట్నించీ తెలీదు" అందట. న్యాయం.

మార్చి 19

స్టూడియోలో కొత్త లైటు బిగించాను. వెలుతురు చూసుకోవడానికి ఎప్పట్లాగే నేనే స్టూలు మీద కూర్చుని, కెమెరా దానంతటదే కొట్టేలా పెట్టి మూడు తీసుకున్నాను. ఒకటి గంభీరంగా. ఒకటి చిరునవ్వుతో. ఒకటి పళ్లన్నీ బయటపెట్టి, బరువు మిషను తల్చుకుని మరీ నవ్వుతూ.

కంప్యూటర్లో మూడూ పక్కపక్కన వేసి చూశాను. ఒకే ఫొటో మూడుసార్లు పడింది.

కెమెరా ఇరుక్కుంది. రేపు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లాలి.

మార్చి 20

కెమెరా బాగానే ఉంది.

మార్చి 20, మళ్లీ

ఇంటికొచ్చి చెప్పాను. "ఏమేవ్, నా నవ్వు పోయింది."

"ఎక్కడ పోగొట్టుకున్నారు?" అంది, బట్టలు మడతపెడుతూ. నా ఒక్కోమాటా ఒకసారి తిరగేసి చూడటం ఆవిడకి అలవాటు. నేనే చేశాను అలవాటు.

"వేళాకోళం కాదే. నిజం."

"నిజమైన వేళాకోళమా, వేళాకోళమైన నిజమా?"

ఏం చెప్పను? మామూలు మనిషైతే మొహం చూపిస్తాడు. నాకు చూపించడానికి ఏముంది? కళ్లలోంచి నీళ్లు వచ్చాయి. మొహం మాత్రం పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టే ఉండుంటుంది. ఆవిడ ఒక్క క్షణం చూసి, మడతపెట్టే చొక్కా వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. పట్టుకున్నా ఆగలేదు.

"తమ్ముడి కాగితం నిజమేనా అయితే?" అంది.

మార్చి 23

నరాల డాక్టరమ్మ. జుట్టంతా తెలుపు, మాటలు తక్కువ. బొటనవేలు, చూపుడువేలు గబగబా తట్టమంది. నడిచి చూపించమంది. కాగితమ్మీద ఒక వాక్యం రాయమంది. "డాక్టరు గారు చాలా అందంగా ఉన్నారు" అని రాశాను. చీమలబారులా వచ్చింది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చదివింది.

"నవ్వండి" అంది.

"నవ్వుతున్నానమ్మా."

ఆవిడా నవ్వలేదు. ఈవిడ కూడా అదే మాత్ర వేసుకుంటోందేమోనని అనుమానం వచ్చింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేవండి. బీపీ లేదు, షుగరు లేదు, సిగరెట్టు కూడా లేదు."

మా ఆవిడ నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి మాత్రల అట్ట తీసి బల్ల మీద వేసింది.

"అది మందు కాదండి. తల తిరక్కుండా ఉండటానికి" అన్నాను.

డాక్టరమ్మ అట్ట వెనక్కి తిప్పి చూసింది. "ఎన్నాళ్లకి రాశారు?"

"రెండు వారాలకి."

"ఎన్నాళ్ల నించి వేసుకుంటున్నారు?"

"బాగా పనిచేస్తోందని..."

"నేనడిగింది అది కాదు."

"నవంబరు నించి. మా బామ్మర్ది షాపేనండి, చెయ్యి పెట్టి తీసుకుంటాను."

అప్పుడు చెప్పింది. ఈ రకం మాత్ర కొన్నాళ్లు వేసుకుంటే తిరుగుడు తగ్గిస్తుందట. నెలల తరబడి మింగితే కొందరికి మెదడులో కదలికల్ని నడిపే చోట అడ్డం పడుతుందట. చెయ్యి, కాలు, మొహం అన్నీ మెల్లబడతాయి. చూడటానికి వణుకుడు జబ్బులాగే ఉంటుంది.

"అంటే ఇది జబ్బు కాదన్నమాట!" అన్నాను సంతోషంగా.

"జబ్బే. కాకపోతే మీరు రోజూ అట్ట చింపి మింగిన జబ్బు."

పదునైన నాలుక. ఇలాంటి ఆవిడతో జాగ్రత్తగా ఉండాలి.

"తగ్గుతుందా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది. అది నేనడగాల్సింది.

"ఇవాళే ఆపేయాలి. ఆపితే చాలామందికి తగ్గుతుంది. నెలలు పడుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది. ఈయన ఏ రకమో చూద్దాం. తిరుగుడు మళ్లీ వస్తే మాత్రలొద్దు, తలతో చేసే వ్యాయామాలున్నాయి, నేర్పిస్తాను. ఇంకోటి, ఎవరి షాపైనా సరే, చెయ్యి పెట్టి తీసుకోవడాలు మానండి."

బయట గుళిక కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"నీ అచ్చు బాగుందిరా" అన్నాను.

"పెద్ద కంపెనీది బావా" అన్నాడు. ముక్కు చీదుకున్నాడు.

ఏప్రిల్ 1

ఇవాళ ఎవరినీ ఏమీ చేయలేదు. ఒంట్లో ఓపిక లేదు. వీధి వీధంతా పొద్దుణ్నించి సాయంత్రం దాకా ఏం జరుగుతుందోనని హడలి చచ్చింది. ఇంత తేలిగ్గా ఇంత పెద్ద దెబ్బ ఎప్పుడూ కొట్టలేదు.

ఏప్రిల్ 14

మాత్ర మానేసి మూడు వారాలు. మొహంలో ఏ మార్పూ లేదు. అద్దం ముందు రోజూ సాధన చేస్తున్నాను. అద్దంలో ఆయన నన్ను పట్టించుకోవడం లేదు.

కొందరికి మిగిలిపోతుంది అంది. ఆ మాటొకటి పక్క మీదికి రోజూ వస్తోంది.

ఏప్రిల్ 29

మా ఆవిడ కొత్త ఉద్యోగంలో చేరింది. నా మొహానికి దుబాసీ.

నేను ఎవరితో మాట్లాడుతున్నా కంప్యూటరు దగ్గర్నించి అరుస్తుంది. "ఆయన నవ్వుతున్నారండీ, కనబడట్లేదంతే." "అది వేళాకోళం సార్, నవ్వొచ్చు." బేకరీ ఆయన భయపడి అప్పుడు నవ్వుతాడు. కాస్త ఆలస్యంగా అయినా నవ్వేగా.

"నీకెలా తెలుస్తోందే?" అని అడిగాను.

"మీరు అబద్ధమాడేటప్పుడు 'అండీ'లు ఎక్కువ పెడతారు."

ఇన్నేళ్లూ నా మొహం వల్ల దొరికిపోతున్నాననుకున్నాను. కాదన్నమాట. ఆవిడ నా మొహం చూసేది పట్టుకోవడానికి కాదు. మరెందుకో అడిగితే, "ఊరికే" అంది.

ఆవిడ ఉద్యోగం నిక్కచ్చిగా చేస్తోందనీ చెప్పలేను. ఇన్సూరెన్స్ ఏజెంటు వస్తే, "ఆయన మీకు క్షమాపణ చెప్తున్నారండీ" అంది. నేను చెప్పలేదు. ఆయన కరిగిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు. ఏం చేస్తాను?

మే 8

గుండీలు. అన్నీ నేనే పెట్టుకున్నాను, మెడ దగ్గరది కూడా. ఎవరూ సాయం పట్టలేదు.

మే 10

గుళిక కౌంటరు పలకకి తాళం వేసి, మీద బోర్డు రాయించాడు: "బావలకు ప్రవేశం లేదు." నాకొక్కడికే అయితే "బావకు" అంటే చాలదా అన్నాను. "రేపు మరో బావ రావచ్చు, చట్టం అందరికీ ఒకటే" అన్నాడు. వాడికి ఇంకో అక్క లేదు. కావాలని కెలికాడు. బాగా కెలికాడు.

మే 26

తల ఒకసారి తిరిగింది, పడుకుని పక్కకి ఒత్తిగిలినప్పుడు. డాక్టరమ్మ నేర్పిన వ్యాయామం మా ఆవిడ చేయించింది. తల ఇటు, తల అటు, లేవండి, పడుకోండి. పోయింది. అట్ట గుర్తొచ్చిన మాట నిజం. ఇంట్లో లేదు కాబట్టి మంచివాణ్ణి అయ్యాను.

నడక చురుగ్గా ఉందని బేకరీ ఆయన అన్నాడు. మొహం సంగతి ఎవరూ ఎత్తడం లేదు, అందరూ ఎంత మర్యాదస్తులయిపోయారో.

జూన్ 12

మా గురువుగారు నాకిచ్చిన చెక్క కెమెరా ఒకటుంది స్టూడియో లోపలి గదిలో. నల్లగుడ్డ కప్పుకుని తీసేది. ఇప్పుడు ఫిల్మ్ లేదు, పనీ లేదు. అయినా వారానికోసారి తుడుస్తాను, ఎవరినీ ముట్టుకోనివ్వను.

మధ్యాహ్నం టీ తాగుతుంటే మా ఆవిడ కంప్యూటరు మీంచి తల తిప్పకుండా అంది. "చెప్పడం మర్చిపోయాను. ఆ చెక్క డబ్బా బేకరీ ఆయనకి ఇచ్చేశాను."

"ఏ చెక్క డబ్బా?"

"అదే, మీ గురువుగారిది. షోకేసులో పెట్టుకుంటాడట. లోపల బన్నులు పెడితే అందంగా ఉంటుందన్నాడు. ముందు అద్దం అడ్డొస్తోందని ఊడదీశాడు."

టీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలీదు. ఒక్క ఉదుటున లేచాను. "నీకు బుద్ధుందా? బన్నులా? ఆయన ప్రాణం పెట్టి చూసుకున్న అద్దం ఊడదీయించావా? ఆ పిండి మొహంగాడికి కెమెరా ఇస్తావా? నన్నడగాలని లేదా? రేపు నన్ను కూడా ఇచ్చేయ్, వాడి పొయ్యిలో కట్టెలకి పనికొస్తాను!" ఇంకా చాలా అన్నాను, రాయలేను, ఈ పేజీ అడుగున పిల్లల దగ్గు మందు ఉంది.

ఆవిడ కుర్చీ నావైపు తిప్పుకుని కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, సినిమా చూస్తున్నట్టు నా మొహంలోకి చూస్తోంది.

"ఏంటా చూపు?"

"కనుబొమలు రెండూ కలిశాయండీ" అంది. "ముక్కు కూడా పొంగింది. ఇంకోసారి అనండి, ఆ పిండి మొహం దగ్గర్నించి."

నాకు అర్థం కాలేదు.

"కెమెరా లోపలే ఉంది. ఎక్కడికీ పోలేదు." లేచి గుమ్మం దగ్గరికి పరిగెత్తి, "తమ్ముడూ! షాపు వదిలేసి రారా! మీ బావకి కోపమొచ్చింది, తొందరగా రా, పోతుందేమో!" అని కేకేసింది.

గుళిక మందుల సంచీతో సహా పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి నన్ను చూశారు. "అబ్బ, ఎంత కోపమో" అన్నాడు వాడు, కొత్తగా పుట్టిన బిడ్డని చూస్తున్నట్టు. "కుడి పక్క కాస్త వెనకబడింది కదక్కా?"

"అదీ వస్తుందిలే" అంది ఆవిడ. కళ్లు తుడుచుకుంటోంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారి కూడా ఆట పట్టించని మనిషి. ఎక్కడ నొక్కితే ఎగురుతానో ఎన్నాళ్లనించి చూసి పెట్టుకుందో.

"నాతోనా వేళాకోళం?" అని ఇద్దర్నీ తిట్టాను.

జూన్ 13

ఇంకా కోపంగానే ఉన్నాను. కనబడుతోందట.